రెండు ఎడమచేతుల నిలువుటంగీ

"అక్కడే అందరూ పొరబడేది. తప్పు చేసినవాడు నలుగురిలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు, ఇంకేం, పని అయిపోయిందనుకుంటారు. సూదిలోకి దారం ఎక్కిస్తే చొక్కా అయిపోయినట్టేనా? నువ్వు చెప్పు. ఆ కుర్చీ లాక్కుని కూర్చో. అయ్యో, అది కాదు తల్లీ, దాని నిండా గుండుసూదులున్నాయి!"

నేను సగం వంగినదాన్ని చటుక్కున లేచి, గోడవారనున్న ఎత్తుపీట మీద కూర్చున్నాను. ఆమె నవ్వింది. నవ్వినా పెదాల మధ్యనున్న సూది జారలేదు. నోట్లో సూది పెట్టుకునే తినడం తప్ప అన్నీ చెయ్యగలదు ఆవిడ.

ఆమె గది కింద అంతస్తులో, వీధివైపు. మిషను కిటికీకి ఎదురుగా ఉంటుంది. గోడ మేకులకు, మనుషులు వదిలేసి వెళ్ళిన నీడల్లా, కాగితంతో కోసిన నమూనాలు వేలాడుతుంటాయి. బొత్తాలు గాజు సీసాల్లో రంగుల వారీగా ఉంటాయి. ఒక్క సీసాలో మాత్రం అన్ని రంగులూ కలిసి ఉంటాయి. "అవి అనాథలు. ఎవరి చొక్కావో తెలీదు. పారెయ్యబుద్ధి కాదు," అని ఒకసారి చెప్పింది. నేనుండేది పైగదిలో. కోటు జేబు చిరిగి తాళంచెవులు లైనింగులోకి జారిపోతుంటే కుట్టించుకుందామని మొదటిసారి దిగాను. ఆ తర్వాత ఏమీ చిరక్కపోయినా దిగుతూనే ఉన్నాను. నేను పిన్నీ అంటాను. వీధిలో అందరూ ఎడంచెయ్యక్క అంటారు.

ఎడమచేతివాటం మనిషి కాబోలు అనుకున్నాను మొదట్లో. కానీ కత్తెరైనా, సూదైనా, ఇస్త్రీపెట్టైనా ఆమె కుడిచేతిలోనే ఉండేది. మరి ఆ పేరెందుకని అడిగితే, "అదా, అదొక అంగీ పెట్టిన పేరులే," అని దాటేసింది. ఈరోజు ఆ అంగీ ఆమె ఒళ్ళో ఉంది. తెల్లటి నిలువుటంగీ, పాస్టర్లు గుళ్ళో వేసుకునేది. కుడిభుజం దగ్గర చెయ్యి ఊడదీసి ఉంది. కాస్త కాస్తగా చాలా రోజులు చెప్పిన కథని ఈరోజు ముగింపు దాకా తెచ్చింది. నేనిక్కడ దాన్ని వరసలో పెడుతున్నాను, అంతే.

వాళ్ళ నాన్న కుట్టుపనివాడు. ఆయన పని మానుకున్నాక షాపు అన్నాచెల్లెళ్ళది అయింది. అన్నయ్య కోస్తాడు, చెల్లి కుడుతుంది. అన్నయ్యని అంతా కటింగ్ మాస్టరు అనేవారు. చెవి వెనక సుద్దముక్క, మెళ్ళో టేపు. కత్తెర చేతిలో ఉంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తడు. చెల్లి మిషను తొక్కుతూ ఓరకంట ఆ కత్తెరనే చూస్తుండేది.

"కుట్టడం ఎవరికైనా వస్తుందమ్మాయ్. కొయ్యడం వేరు. కుడితే విప్పుకోవచ్చు. కోస్తే కోసినట్టే. ఆ భయమే నాకిష్టంగా ఉండేది. నాన్నని అడిగీ అడిగీ, చివరికి సరేలే, వచ్చే ఏడు నేర్చుకుందువు గాని అనిపించుకున్నాను. ఆ ఏడు రాలేదు."

వాళ్ళ గుడికి అప్పుడే కొత్త భవనం కట్టారు. ప్రతిష్ఠ రోజున పాస్టరుగారికి కొత్త అంగీ ఉండాలని సంఘంలోని ఆడవాళ్ళు ముచ్చటపడి గుడ్డ తెప్పించారు. ఒకవైపు పాలమీగడలా మెరుస్తుంది, రెండోవైపు మసకగా ఉంటుంది. మళ్ళీ తెప్పిద్దామన్నా దొరకని గుడ్డ. మామూలుగా అయితే గుడ్డ రెండు మడతలు వేసి చేతులు రెండూ ఒకేసారి కోస్తారు. ఒకటి కుడిది, ఒకటి ఎడమది వాటంతటవే వస్తాయి. పాస్టరుగారు పొడగరి. అంగీ ఒంటి భాగం కోసేసరికి మిగిలిన గుడ్డ మడత పెట్టడానికి చాల్లేదు. ఒక్కొక్క చెయ్యీ విడిగా కొయ్యాల్సి వచ్చింది. అలా కోసేటప్పుడు మొదటిది అయ్యాక నమూనా కాగితాన్ని తిరగెయ్యాలి.

"తిరగెయ్యలేదు. అంతే," అంది ఆమె. "కాగితం ఒక్కసారి బోర్లా తిప్పితే నా బతుకింకోలా ఉండేది, చూశావా."

చేతులు అతకబోతూ ఆమే కనిపెట్టింది. అన్నయ్యా, ఇదీ ఎడమదే, అంది. అతను వచ్చి చూశాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు. రెండోది తిరగేసి కుడితే కుడిచెయ్యి అయిపోతుంది కదా అంది చెల్లి. ఒక చెయ్యి మెరుస్తూ ఒక చెయ్యి మసగ్గా ఉంటే గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది, ఇలాగే కుట్టెయ్, అన్నాడు అన్నయ్య. ఆమె కుట్టేసింది.

ప్రతిష్ఠ రోజున గుడి నిండిపోయింది. అంతా బాగానే జరిగింది. ఆఖర్న పాస్టరుగారు దీవెన ఇవ్వడానికి కుడిచెయ్యి పైకెత్తారు. ఎడమచెయ్యి గుడ్డ కుడిభుజానికి ఎలా ఒప్పుతుంది? చంక దగ్గర పట్టేసింది. చెయ్యితో పాటు అంగీ ముందుభాగం మొత్తం తెర లేచినట్టు లేచింది. పాస్టరుగారి మేజోళ్ళు, వాటి పైన సన్నటి పిక్కలు, అన్నీ సంఘం కళ్ళపడ్డాయి. ఆమెన్ అనాల్సిన చోట నవ్వు పుట్టింది.

బయట పెద్దలు కటింగ్ మాస్టర్ని చుట్టుముట్టారు. వాళ్ళ నాన్న కూడా అక్కడే ఉన్నాడు. అతను చెల్లెలివైపు చూడకుండా అన్నాడు: "ఆ చెయ్యి మా చెల్లి కోసింది. నేర్చుకుంటానని సరదాపడితే కత్తెర ఇచ్చాను. చిన్నపిల్ల, ఏమీ అనకండి."

"ఎంత బాగా చెప్పాడో చూడు! నా మీద జాలిపడుతూ అబద్ధమాడాడు. అందరూ వాణ్ణి మెచ్చుకున్నారు, ఎంత మంచి అన్నయ్యో అని." ఆమె సూది పెదాల్లోంచి తీసి సూదుల దిండుకు గుచ్చింది. "నేను నోరు తెరవచ్చు. తెరిస్తే షాపు పరువు పోతుంది. కోసేవాడి మీద నమ్మకం పోతే కుట్టేదాని కడుపేం నిండుతుంది? ఊరుకున్నాను. నాన్న ఇంటికొచ్చి, ఈ జన్మలో కత్తెర ముట్టుకోకు అన్నాడు. ముట్టుకోలేదు, ఆయన ఉన్నన్నాళ్ళూ."

ఎడంచెయ్యక్క అన్న పేరు ఆ ఆదివారం పుట్టి, మొండిమరకలా ఉండిపోయింది. పెళ్ళయ్యాక ఆమె షాపు వదిలేసి ఇంట్లో మిషను పెట్టుకుంది. అంచులు మడవడం, కాజాలు తియ్యడం, బొత్తాలు కుట్టడం, ఇవే పనులు. నాన్న పోయాక పాత వార్తాపత్రికల మీద ఒక్కతే కొయ్యడం నేర్చుకుంది. అప్పటికి వయసు సగం అయిపోయింది.

ఇక ఆ అంగీ సంగతి. మంచి గుడ్డ, సంఘం ముచ్చటపడి ఇచ్చింది. పారేస్తే బాగుండదని పాస్టరుగారు దాన్నే వేసుకున్నారు. దీవెన ఇచ్చేటప్పుడు ఎడమచేత్తో అంగీ ముందుభాగం ఒడిసిపట్టుకుని కుడిచెయ్యి ఎత్తేవారు. రానురాను జనం అది ఆయన పద్ధతి అనుకున్నారు. ఆయన దగ్గర బోధ నేర్చుకోవడానికి వచ్చిన కుర్ర పాస్టర్లు, శుభ్రంగా సరిపోయిన అంగీలు వేసుకుని కూడా, ఎడమచేత్తో గుప్పెడు గుడ్డ పట్టుకునే దీవించేవారట.

"మా అన్నయ్య కాగితం తిప్పకపోవడం వల్ల ఒక ఆచారం పుట్టింది, చూడు!" అని ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కానీ నాకది దీవెనలా ఉండేది కాదమ్మాయ్. ఆయన చెయ్యెత్తినప్పుడల్లా ఎవరో ఒకరు నావైపు తిరిగి చూసేవారు. అందరికీ దీవెన, నాకు దెప్పు," అంది.

ఆ గుళ్ళో ఒక పద్ధతి ఉంది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని, సమాధానం, అనాలి. అంటే నీకూ నాకూ మధ్య ఏ అడ్డూ లేదని. అన్నయ్య కుడివైపు ముందు బెంచీలో కూర్చుంటాడని ఆమె ఎడమవైపు చివరి బెంచీ పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే అవసరం ఎప్పుడూ రాకుండా చూసుకుంది. ఎదురుపడితే పలకరించుకునేవారు. జ్వరమొస్తే గంజి పంపుకునేవారు. అంతవరకే.

ఇంకోటి కూడా చెప్పింది, గొంతు తగ్గించి. అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్తారు కదా. అందులో, మేం ఇతరుల్ని క్షమించినట్టు నువ్వు మమ్మల్ని క్షమించమనే మాట ఒకటుంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆమె దగ్గేది.

"నిజంగా దగ్గొచ్చేదా?"

"మొదట్లో తెప్పించుకునేదాన్ని. దేవుడి ముందు అబద్ధమాడటం కన్నా దగ్గడం నయం కదా. తర్వాత అదే రావడం మొదలుపెట్టింది. పక్కన కూర్చునే టీచరమ్మ, పాపం, అయ్యో ఈవిడకి ఛాతీలో ఏదో ఉందని దగ్గుబిళ్ళల డబ్బా తెచ్చిచ్చింది. అయిపోగానే ఇంకోటి. చూడు, అవే."

మిషను పక్కన, నమూనా కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పెట్టిన రేకు డబ్బాలు కనిపించాయి. మూతలు కూడా తియ్యలేదు.

పెద్ద పాస్టరుగారు ప్రభువునందు నిద్రించాక కొత్తాయన వచ్చాడు. కుర్రవాడు, మనిషి మంచివాడు, కాస్త నవ్వించే గుణం ఉంది. గుడి బీరువాలో ఈ అంగీ చూసి వేసుకున్నాడు. దీవెనకి చెయ్యెత్తగానే అది పట్టేసింది. ఇదేమిటండీ, ఈ అంగీ నన్ను వెనక్కి లాగుతోంది, అని మరుసటి వారం ప్రసంగంలో అన్నాడు. ఎవరో, అది ఎడంచెయ్యక్క మహిమండీ అని అరిచారు. గుడంతా గొల్లుమంది. తెలియని పిల్లలకి పెద్దవాళ్ళు ఆ కథ మళ్ళీ చెప్పారు.

ఆరోజు కటింగ్ మాస్టరు నవ్వలేకపోయాడు. వయసు మీదపడి చేతులు వణకడం మొదలయ్యాక షాపు మూసేసిన మనిషి. తన అబద్ధం తనకన్నా గట్టిగా ఉందని, కొత్త తరానికి కూడా పాకుతోందని అప్పుడే చూశాడేమో. పై ఆదివారం సాక్ష్యాల సమయంలో, ఎవరి జీవితంలో జరిగింది వాళ్ళు అందరి ముందూ చెప్పుకునేటప్పుడు, లేచి నిలబడ్డాడు. ఆ చెయ్యి కోసింది నేనే, తప్పు నాది, నింద మా చెల్లి మీద వేశాను, ఇన్నేళ్ళూ మోయించాను, దేవుడు నన్ను క్షమించాడు, మీరు కూడా క్షమించండి అని భోరున ఏడ్చాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మగవాళ్ళు వెళ్ళి వాటేసుకున్నారు. ఆ తర్వాత మెడలన్నీ ఒక్కసారిగా చివరి బెంచీ వైపు తిరిగాయి.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి? పరిగెత్తుకెళ్ళి అన్నయ్యా అని మెడ కౌగిలించుకోవాలి. అందరూ చప్పట్లు కొట్టాలి. నాకు కాళ్ళు రాలేదు. లేచాను. తలుపువైపు నడిచాను. నేను గడప దాటకముందే ఎవరో పాట ఎత్తుకున్నారు, నా చెప్పుల చప్పుడు వినపడకుండా!"

ఆ ఒక్క ఉదయంతో లెక్క తారుమారైంది. నింద వేసినవాడు పుణ్యాత్ముడయ్యాడు. నింద మోసిన మనిషి పాషాణమైంది. దారిలో కనిపించినవాళ్ళు, అంత పెద్దమనిషి అంతలా ఏడిస్తే మీ మనసు కరగలేదా అనేవారు. మొదటి రాయబారం వదినగారు తెచ్చింది. అతని పెద్ద కత్తెరని తువ్వాల్లో చుట్టుకుని మరీ వచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, నీకెప్పుడూ దీనిమీదే కన్ను. తీసుకో. ఇక ఆ రాయిని గుండెలోంచి తీసి బయట పారెయ్," అందట వదిన.

"కన్ను నీ మొగుడి కత్తెర మీద కాదు వదినా, నా కోత మీద. ఇప్పుడు దీంతో ఏం కొయ్యను, నా గోళ్ళా?"

"నీ నోటికి కత్తెర అక్కర్లేదులే. అదే కోస్తుంది!"

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, నవ్వొచ్చి, కాఫీ తాగారు. కత్తెర మాత్రం తువ్వాల్తో సహా వెనక్కి వెళ్ళింది.

రెండోసారి కుర్ర పాస్టరుగారే వచ్చాడు. నేను నవ్వులాటకి అన్నమాట మిమ్మల్నింత గాయపరుస్తుందనుకోలేదమ్మా, క్షమించండి, అని ముందు తన తప్పు ఒప్పుకున్నాడు. ఆమె వెంటనే క్షమించేసింది. అంత తేలిగ్గా క్షమించగలిగినందుకు తనకే ఆశ్చర్యమేసిందట.

"అప్పుడడిగాను ఆయన్ని. ఏమండీ, దేవుడు క్షమించేశాడని మా అన్నయ్య చెప్పాడు. సంఘం క్షమించేసింది. ఇంక మధ్యలో నేనెవర్ని? నా సంతకం లేకుండానే అన్నీ అయిపోయాయిగా అన్నాను."

"ఏమన్నారాయన?"

"దేవుడు క్షమించేది ఆయన తరఫునమ్మా, మీ తరఫున కాదు, మీ వంతు మీ దగ్గరే ఉంది, మీ అన్నయ్యగారు ముందు రావలసింది కూడా మీ దగ్గరికే, ఆ మాట నేను ఆయనకి చెప్తాను, అన్నాడు. పసివాడే గానీ, గుండెల్లో చల్లగా పోశాడు. వెళ్తూ వెళ్తూ గడపలో ఆగి, కానీ అమ్మా, ఆయన వచ్చి అడిగాక మీ వంతుని దాచుకోకండి, దాచుకుంటే చెదలు పడుతుంది, అన్నాడు. అదీ నిజమే. కోపం కూడా పాత పరుపులాంటిదమ్మాయ్. ముద్దలు కట్టి గుచ్చుకుంటుంది, అయినా మన ఒంటికి గుంట అలవాటైపోతుంది."

ఆ రోజుల్లో రాత్రీ పగలూ దేవుడితో వాదులాడిందట. ప్రభువా, అన్నయ్య తప్పు కొట్టేశావు సరే, నన్నొక్క మాట అడిగావా అని.

"మరి ఆయనేమన్నాడు పిన్నీ?"

"ఏమంటాడు? ఆయన సిలువ మీదున్నాడు, నేను మిషను మీదున్నాను. ఎవరి నొప్పి ఎక్కువ అని ఏ మొహం పెట్టుకుని అడగను?"

అన్నయ్య వచ్చిన రోజున నేనక్కడే ఉన్నాను. మధ్యాహ్నం ఎండ మిషను మీద పడుతోంది. జేబు మళ్ళీ చిరిగిన నా కోటు ఆమె చేతిలో ఉంది. తలుపు దగ్గర పొడుగాటి ముసలాయన, మెళ్ళో టేపు, చంకలో కాగితం పొట్లం. పని మానేసినా టేపు మానలేదు.

"తెరిచే ఉంది," అంది ఆమె, తలెత్తకుండా.

నేను లేవబోయాను. "నువ్వెక్కడికి? జేబు వద్దా?" అని నా కోటు గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు కోటు కోసం కాదని తెలిసి కూర్చుండిపోయాను.

"కూర్చో అన్నయ్యా."

"నిలబడతాలే."

"నిలబడి చెప్పాల్సింది చెప్పేశావుగా గుళ్ళో. ఇక్కడ కూర్చో. అది కాదు, సూదులున్నాయి."

అతను మంచం అంచున కూర్చున్నాడు. పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు. టేపు చివర వేలికి చుట్టుకుంటాడు, విప్పుతాడు. ఎంతకీ మాట లేదు.

"అక్కడ ఏరులా మాట్లాడావు. ఇక్కడ నోట్లో గుండుసూదులున్నాయా?"

"అక్కడ చాలామంది ఉన్నారే. ఎవరి మొహమూ కనపడలేదు. ఇక్కడ నువ్వొక్కదానివే."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అప్పుడు చాలా చిన్న గొంతుతో అన్నాడు:

"గుళ్ళో చెప్పనిది ఒకటుంది. ఆరోజు ఇంటికొచ్చాక నాన్న నిన్ను తిడుతున్నాడు. నువ్వు గుమ్మం దగ్గర నిలబడ్డావు. నేను అన్నం తింటున్నాను."

ఆమె చేతిలో సూది ఆగింది.

"నోరు తెరిచి నిజం చెప్పాలని అనుకుంటూనే ఉన్నాను. ముద్ద మింగాక చెప్దాం, ఈ ముద్ద మింగాక చెప్దాం అనుకుంటూ... మళ్ళీ పెట్టించుకుని తిన్నానే. నువ్వు ఏడుస్తుంటే నేను మారు వడ్డించుకుని తిన్నాను. చెయ్యి తప్పు కొయ్యడం ఏముంది, పొరపాటు. అబద్ధం కూడా భయంతో ఆడాననుకో. కానీ ఆ రెండోసారి తిన్న అన్నం... అది నాకింకా అరగలేదు."

ఆమె కిటికీ బయటికి చూసింది. అటే చూస్తూ అంది: "పప్పు కూడా మారు వేయించుకున్నావు."

"అవును."

"అది నాకొక్కదానికే గుర్తుందనుకున్నాను, అన్నయ్యా."

ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. నేనే ఎటో చూడాల్సి వచ్చింది. అనాథ బొత్తాల సీసా చూస్తూ కూర్చున్నాను.

"నన్ను క్షమిస్తావా?"

"కోపం ఇంకా ఉంది."

"ఉండనీ. అడగడానికొచ్చాను. పట్టుకుపోవడానికి కాదు." అతను లేచి, పొట్లం మిషను మీద పెట్టాడు. "పాస్టరుగారు బాగుచేయించమన్నారు. నువ్వు ముట్టుకోనంటే తిరిగి ఇచ్చేస్తాను."

పొట్లంలో ఆ అంగీయే. ఆమె ముట్టుకోవడానికే కాసేపు పట్టింది. తర్వాత పని తెలిసినవాళ్ళ చూపు ఒకటి వచ్చింది ఆమె కళ్ళలోకి. అంగీని కిటికీ వెలుగులో పట్టుకుంది. కుడిచెయ్యి లోపలివైపు తిరగేసింది. మళ్ళీ బయటివైపు. మళ్ళీ లోపలివైపు.

"అన్నయ్యా, ఇలా రా. ఏది మెరుపు వైపో చెప్పు."

అతను వంగి చూశాడు. వేలితో తడిమాడు. కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "తెలీటం లేదే."

"నాకూ తెలీటం లేదు."

ఇన్నేళ్ళ ఉతుకులకీ ఇస్త్రీలకీ ఆ మెరుపు పోయింది. రెండువైపులా ఒకే తెలుపు, ఒకే నునుపు. ఆరోజు తిరగెయ్యడానికి వీల్లేదన్న చెయ్యి ఇప్పుడు తిరగేసి కుడితే ఎవరికీ తేడా కనపడదు. కుడిచెయ్యి కుడిచెయ్యే అవుతుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ గుడ్డ మీదకి వంగి, ఒకరి తల ఒకరికి తగులుతున్నా పట్టించుకోకుండా చూస్తుండిపోయారు.

ఆమె బ్లేడు తీసి అతని చేతికిచ్చింది. "విప్పు."

"నా చేతులు వణుకుతాయే. గుడ్డ తెగుతుందేమో."

"తెగితే దారంతో రఫ్ఫు చేసి కలిపేస్తాను. నువ్వే విప్పాలి. నేను కుట్టాలి. మన షాపు పద్ధతి అదేగా."

అప్పట్నుంచి మధ్యాహ్నాలు అతను వచ్చి మంచం అంచున కూర్చుని, ఒక్కో కుట్టూ ఊపిరి బిగబట్టి విప్పేవాడు. "ఆహా, మాస్టరుగారు! ఇంతసేపట్లో కొత్త అంగీ కుట్టెయ్యొచ్చు," అనేది ఆమె. "ఇంత గట్టిగా ఎవరు కుట్టమన్నారు నిన్ను," అనేవాడతను. "నువ్వే, కుట్టెయ్ అన్నావుగా," అనేది. ఆ మాట మీద ఒక్క క్షణం ఇద్దరూ ఆగేవారు. మళ్ళీ బ్లేడు కదిలేది. విప్పిన దారప్పోగుల్ని అతను నేల మీద పడెయ్యకుండా జేబులో వేసుకోవడం నేను చూశాను. ఎందుకని అడగలేదు.

ఈరోజు శనివారం. చెయ్యి తిరగేసి అతకడం ఒక్కటే మిగిలింది. ఆమె ముందు చేత్తో వదులుగా కచ్చా కుట్టు వేసుకుంది, మిషను మీద నడిపింది, ఇస్త్రీ చేసింది. నీటి ఆవిరితో గదంతా ఉతికిన గుడ్డ వాసన నిండింది. అప్పుడు లేచి నావైపు చూసింది.

"నువ్వు పొడగరివే. లే, తొడుక్కో."

"నేనా? పాస్టరుగారి అంగీ నేనెలా..."

"బొమ్మకి తొడిగి చూడమంటావా? బొమ్మ చెయ్యెత్తుతుందా? తొడుక్కో."

తొడుక్కున్నాను. భుజాల దగ్గర కాస్త వదులు, పొడవు నేలకి అంగుళం పైన. ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అంచుకి కళ్ళు ఆనించినంత దగ్గరగా పెట్టి, "ఊఁ, చెయ్యెత్తు. కుడిది. నెమ్మదిగా. ఆయనలాగా," అంది.

నేను కుడిచెయ్యి ఎత్తాను. భుజం దగ్గర ఏదీ పట్టలేదు. అంగీ నీళ్ళలా నిలిచి ఉంది. ఆమె తల వంచుకుని చూస్తోంది. నా ఎత్తిన చెయ్యి కింద ఆమె నెరిసిన పాపిడి, దాని మీద అంటుకున్న తెల్లదారప్పోగు. ఎంతసేపు అలా ఉన్నామో. చెయ్యి దించమని ఆమె అనలేదు. నాకు దించబుద్ధి కాలేదు.

"కదల్లేదు," అంది చివరికి. లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. చెయ్యి అందించాను.

"పిన్నీ, ఒకటడగనా?"

"అడుగుతావని తెలుసు. పొద్దుట్నుంచీ నాలిక మీద పెట్టుకుని తిప్పుతున్నావు."

"క్షమించేశారా?"

ఆమె అంగీని నా భుజాల మీంచి తీసి, చేతులు లోపలికి మడిచి, పాత కాగితంలో చుట్టసాగింది. "కచ్చా కుట్టు వేశానమ్మాయ్. గట్టి కుట్టు ఇంకా పడాలి. అది నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, పైనున్నాయన కూడా మిషను మీద కూర్చోవాలి. కానీ ఒక్కటి. కచ్చా కుట్టు పడ్డాక గుడ్డ పక్కకి జారిపోదు. అటో ఇటో పోతుందన్న భయం ఉండదు." దారంతో పొట్లం కట్టి, ముడివేసి, మిగిలిన కొస పళ్ళతో తెంపింది. "రేపు బల్ల ఆరాధన. సమాధానం అంటూ చెయ్యి పట్టుకోవాలిగా. ఇన్నేళ్ళూ ఎవరెవరి చేతులో పట్టుకున్నాను. ఆ వణికే చెయ్యి ఎలా ఉంటుందో చూద్దామని ఉంది."

పొట్లం నా చేతుల్లో పెట్టింది. దాని మీద, మూత తియ్యని దగ్గుబిళ్ళల డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"ఇవి టీచరమ్మకి. దగ్గు తగ్గిందని చెప్పు, ఎలా తగ్గిందంటే మాత్రం నీకు తెలీదను. అంగీ పాస్టరుగారి చేతికే ఇవ్వు, ఎడమచేత్తో పట్టుకోవక్కర్లేదని చెప్పు, లేకపోతే అలవాటుగా పట్టేసుకుంటాడు. దారిలో మా అన్నయ్య ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగు. లోపలికి వెళ్ళకు, వదిన పట్టుకుంటే సాయంత్రం దాకా వదలదు. రేపు తన పక్కన నాకు కాస్త చోటుంచమను. పెద్దగా అక్కర్లేదు, ఇరుక్కుని కూర్చుంటాను. ఇంకా చూడు, ఏదో సాక్ష్యం చెప్పాలని మళ్ళీ లేస్తాడేమో, కదలకుండా కూర్చోమను. ఊరికే చోటుంచమను చాలు."